లూథరు గారి వకీలు

కేథలిక్కు ఎదురుపడితే వాదన పెట్టుకోకుండా పక్కకు తప్పుకోవడం ఏసుపాదం మాస్టారికి చేతనయ్యేది కాదు. పామర్రు హైస్కూల్లో ఆయన లెక్కలు చెప్పేవారు, నేను సోషల్ చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా మొత్తం మీద రోములోని పోపును ఎదిరించి వేరే సభ పెట్టిన మార్టిన్ లూథర్ పరువు కాపాడే బాధ్యత ఆయనొక్కరే మోశారు. లూథర్ పోయి నాలుగు వందల ఏళ్ళు దాటింది. మాస్టారు మాత్రం, ఆయన నిన్ననే కేసు తనకు అప్పగించి ఊరెళ్ళినట్టు మాట్లాడేవారు.

ఆ కేసులో అవతలి పక్షం శౌరయ్య. బస్టాండు పక్కన సైకిల్ షాపు అతనిది. ఏటా ఫిబ్రవరిలో షాపు మూసేసి గుణదల మరియమ్మ తిరునాళ్ళకు నడిచి వెళ్ళే మనిషి. బడి వదలగానే మాస్టారు తన సైకిల్‌కు తనే గాలి తీసేసి, కొట్టించుకోవడానికి అక్కడికి వెళ్ళేవారు.

"మీ లూథరుకు ఆ అధికారం ఎవరిచ్చారు మాస్టారూ?" అనేవాడు శౌరయ్య పంపు కొడుతూ. "మా రాయప్పగారికి పరలోకం తాళంచెవులు క్రీస్తే ఇచ్చాడు."

"లూథరుకు బైబిలు వాక్యమే ఇచ్చింది. పేతురు చేతిలో తాళంచెవులు రోముకు ఎట్లా చేరినయ్యో నువ్వు చూపించు."

"ఏది వాక్యమో ఏది కాదో తేల్చి గ్రంథం కూర్చింది ఎవరు? మా సభ కాదూ?"

ఈ ప్రశ్న దగ్గర మాస్టారు ఓసారి ఆగిపోయారు. జవాబు మర్నాడు తోచింది, పరీక్షల డ్యూటీకి హనుమాన్ జంక్షన్ వెళ్ళే బస్సులో. బస్సు ఆపించి దిగిపోయి, ఎండలో వెనక్కి నడిచొచ్చి శౌరయ్యకు జవాబు చెప్పి, అప్పుడు వెళ్ళారు డ్యూటీకి. అక్కడ తిన్న చీవాట్లను ఆయన లూథర్ కోసం పడ్డ శ్రమల్లో జమ వేసుకున్నారు.

నేను హిందువుని కాబట్టి పక్షపాతం ఉండదని నన్ను జడ్జిని చేశారు. పేతురు, రాయప్ప ఇద్దరు మనుషులనుకుని చాలాకాలం తీర్పులిచ్చాను. పేతురునే కేథలిక్కులు రాయప్ప అంటారని బయటపడ్డాక, నా పాత తీర్పులన్నీ రద్దు చెయ్యమని మాస్టారూ శౌరయ్యా కలిసి వచ్చి అడిగారు. వాళ్ళు ఏకమవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కేథలిక్ చర్చిలో పూజ లాటిన్ మానేసి తెలుగులోకి వచ్చినప్పుడు, పూజ జనం భాషలో ఉండాలని లూథర్ చెప్పింది ఇన్నాళ్ళకు రోము ఒప్పుకుందని మాస్టారు స్టాఫ్ రూములో లడ్డూలు పంచారు. శౌరయ్యకూ పట్టుకెళ్ళారు. అతను లడ్డూ తిన్నాడు గాని కారణం ఒప్పుకోలేదు.

డెబ్బై ఆరో సంవత్సరం ఎండల్లో శౌరయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మాట మళ్ళీ రావచ్చుననీ, అయితే అతనే ప్రయత్నించాలనీ బెజవాడ డాక్టరు చెప్పి పంపాడు. శౌరయ్య ప్రయత్నించలేదు. వంకరపోయిన నోరు ఎవరికీ చూపించలేక గోడవైపు తిరిగి పడుకునేవాడు. భార్య అమలమ్మ అతనికి అడిగే పని లేకుండా అన్నీ ముందే అందించేది. చూడవచ్చిన వాళ్ళు మెల్లగా ప్రార్థన చేసి వెళ్ళిపోయేవాళ్ళు.

మాస్టారు మాత్రం రోజూ సాయంత్రం మంచం పక్కన స్టూలు వేసుకుని వాదన మొదలుపెట్టేవారు. శౌరయ్య మాట్లాడడు కాబట్టి అతని పక్షం కూడా తనే తీసుకుని, అతి నీరసంగా వాదించి, ఘోరంగా ఓడించేవారు. భరించలేక అమలమ్మ నాతో మొరపెట్టుకుంది. పడిపోయిన మనిషి మీద గెలిచి ఏం సాధిస్తారని నేను మాస్టారిని కోప్పడ్డాను. ఆ సాయంత్రం ఆయన నన్నూ వెంటబెట్టుకుని శౌరయ్య ఇంటికి వెళ్ళారు.

"మీరు మరియమ్మను దేవుడితో సమానంగా ఆరాధిస్తారు" అన్నారు గోడవైపున్న ఆ వీపుతో. "శౌరయ్య కాదనట్లేదు, అంటే ఒప్పుకున్నట్టే. పున్నయ్యగారూ, ఇక తీర్పు చెప్పండి."

మంచం కిర్రుమంది. శౌరయ్య ఇటు తిరిగాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"కా... దు."

జావ గిన్నెతో వస్తున్న అమలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మరి ఆరాధన కాకపోతే ఏంటంట?"

"గౌ... ర..."

"నాకు వినపడలా."

"గౌరవం" అన్నాడు శౌరయ్య, ఒళ్ళు మండి, మాట మొత్తంగా.

మాస్టారు తీర్పు కోసం ఆగలేదు. కళ్ళజోడు తుడుచుకోవాలంటూ వసారాలోకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళి, ఆరాధన వేరు, గౌరవం వేరు అని వాళ్ళు చెప్పేది ఆయనకు నిజంగానే తెలియదా అని అడిగాను.

"తెలియకపోవడమేంటండీ. ఏళ్ళ తరబడి చెబుతానే ఉన్నాడు, ఎప్పుడో అర్థమైంది" అన్నారు గొంతు తగ్గించి. "ఆ సంగతి అతనితో మాత్రం అనకండి. మళ్ళీ నోరు మూసుకుంటాడు."