బ్యాకప్ అకౌంటుకు చోటు

మనుషులకు కాకుండా ప్రోగ్రాములకు వాడే సిస్టమ్ అకౌంట్లు తెరిచేటప్పుడల్లా, నేను మొదట పనిచేసిన నందిగామ కాలేజీ ల్యాబు గుర్తొస్తుంది. ఒకరోజు అక్కడి లినక్స్ సర్వర్లో బ్యాకప్ ప్రోగ్రాము కోసం అకౌంటు తెరుస్తున్నాను.

"దీని ఫోల్డరు కూడా /homeలోనే పెట్టేదా మేడమ్?" అని మా సీనియర్‌ను అడిగాను.

"వద్దమ్మా. అక్కడ పిల్లల ఫోల్డర్లుంటాయి. ఏడాది చివర ఖాళీ చేసేప్పుడు ఇదీ పోద్ది. ప్రోగ్రాముల డేటా ఉండే /var/libలో పెట్టు," అన్నారావిడ.

అలాగే పెట్టాను. వేసవిలో పిల్లలు వెళ్లిపోయాక, వాళ్ల ఫోల్డర్లు తుడవడానికి ఇద్దరం కూర్చున్నాం. మేడమ్ ఒక్కో పేరూ చదువుతూ ఆగిపోయేవారు.

"జగ్గయ్యపేట బస్సు వెళ్లిపోతే ఏడ్చేదే, ఆ అమ్మాయిది ఇది," అన్నారు.

తుడవడానికి నాకూ చేతులు రాలేదు. చివరికి అన్నిటినీ బ్యాకప్‌లోకి ఎక్కించాకే తుడిచి, టీకి వెళ్లాం.