మీట మీది పేరు

మాకు తెలిసిన సైకిలుకు ఒకటే చైను, వెనక ఒకటే పళ్ళ చక్రం. చైను పడిందంటే చేతులు నల్లబడినట్టే. మా ఆయన తెనాలిలో సైకిలు షాపు నడిపినన్నాళ్ళూ ఆ నలుపు గోళ్ళలోనే ఉండేది. విమానమెక్కి షాంటిలీలో కూతురింటికి వచ్చాక పోయింది. పోయినందుకు ఆయనేమీ సంతోషించలేదు.

పక్కింటి పెద్దాయన భార్య పోయి ఒంటరిగా ఉండేవాడు. ఆయన కారు ఎప్పుడూ బయటే. గరాజు నిండా పాత ఫ్రెంచి సైకిళ్ళ గేర్లు. గేర్లంటే చైనును ఒక చక్రం మీంచి పక్క చక్రం మీదికి తోసే చిన్న యంత్రాలు. చెత్తడబ్బా బయట పెట్టబోయి అవి చూసిన మా ఆయన అక్కడే నిలబడిపోయాడు. ఇక రోజూ అటే. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు ఇంగ్లీషు రాదు. మా మనవరాలు బడి నుంచి వచ్చాక అటు మాట ఇటు చెప్పేది.

"తాతయ్యా, ఫస్ట్‌లో ఫ్రాన్స్‌లో కొండ ఎక్కాలంటే దిగేసి, వెనక వీల్ తీసి, తిప్పి పెట్టేవాళ్ళంట."

"తిప్పితే ఏమొస్తుంది?"

"అటు సైడ్ పెద్ద పళ్ళ చక్రం ఉంటుంది. ఈజీగా ఎక్కుతుంది. తర్వాత ఈ గేర్స్ కనిపెట్టారు. కానీ పెద్ద రేస్‌లో అలౌ చేయలేదంట. ఓల్డ్ పీపుల్‌కి అని నవ్వారంట."

"నాకన్నమాట!" అని మా ఆయన మోకాలు చరుచుకున్నాడు.

అయినా కొండల మధ్య ఒక బొగ్గు గనుల ఊళ్ళో చిన్న దుకాణాల వాళ్ళు ఆ పని మానలేదట. ఒకరి తర్వాత ఒకరు కొత్త రకాలు చేశారు. పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాక చాలామంది పేర్లే మిగల్లేదు. ఆ పేర్లు ఒక్కొక్కటీ వెతికి పట్టుకోవడమే పెద్దాయన పని. ఒక్క గేరు మాత్రం ఎవరు చేశారో తేలలేదు. పోయేలోగా ఆ ఒక్క పేరు తెలియాలని ఆయన ఆశ. ఆ సంగతి పిల్లకు చెప్పాడు గానీ, మాదాకా ఇంకా రాలేదు. దాని స్ప్రింగు బిగుసుకుపోతే, తన చేతులు వణుకుతున్నాయని, నమ్మి మా ఆయన చేతికిచ్చాడు.

అది దసరా. ఆయుధపూజకు పనిముట్లు శుభ్రం చెయ్యకుండా ఉండడం మా ఇంట్లో లేదు. చారుకు పిసికిన చింతపండు పిప్పి నేను పారెయ్యను, ఇత్తడికి దాస్తాను. మా ఆయన ఆ పిప్పీ ఉప్పూ తీసుకుని సింకు దగ్గర నిలబడ్డాడు. స్ప్రింగు అప్పటికే కదిలింది. గేరు మార్చే ఇత్తడి మీట మీద గ్రీజు గట్టిపడి ఉంది.

"ఏమే, ఇటు రా. దీని మీద బంగారు రంగులో ఏదో రాసుంది."

నేను చెయ్యి తుడుచుకుని వెళ్ళేసరికి రాత లేదు. మీట మాత్రం తళతళలాడుతోంది.

పసుపు, కుంకుమ పెట్టి, పళ్ళెంలో పట్టుకెళ్ళాడు. నేనూ మనవరాలూ వెంట వెళ్ళాం. స్ప్రింగు ఆడటం చూసి పెద్దాయన ముఖం వెలిగింది.

"పేరు కూడా ఉండేదని చెప్పమ్మా. మురికితో పాటు పోయింది," అన్నాడు మా ఆయన.

పిల్ల మీటను అటూ ఇటూ తిప్పి చూసింది.

"చెప్పవేం?"

"తాతయ్యా, అంకుల్ వెతికేది అదే."

చెప్పక తప్పలేదు. పెద్దాయన స్టూలు మీద కూలబడ్డాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి వెళ్ళి కాగితం, పెన్సిలు తెచ్చి మా ఆయన ముందు పెట్టాడు. ఆ పేరు చూసిన వాడు ఈ లోకంలో ఇప్పుడు ఈయనొక్కడే. ఈయనకా ఇంగ్లీషు అక్షరాలు రావు.

"కొడవలి లాంటిది ఒకటి. దాని పక్కన మేకు. ఆ తర్వాత... ఆ తర్వాత రుద్దేశాను."

ఎన్ని కాగితాల మీద గీసినా ఒకదానికొకటి పోలిక లేదు. ఇంటికొచ్చాక కూడా అన్నం తింటూ కంచం అంచున వేలితో గీసేవాడు. "మెతుకులతో ఏమిటండీ ఆ రాతలు" అని కసిరేదాన్ని. చెయ్యి ఆగేది కాదు.

చలి తగ్గాక, ఈ గేర్ల సంగతి బాగా తెలిసిన మనిషొకడు పెద్దాయన పిలిస్తే వచ్చాడు. ఆ గీతలన్నీ అటూ ఇటూ తిప్పి చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఆ వేసవిలో పెద్దాయనను ముసలివాళ్ళ హోముకు తీసుకెళ్ళారు. అంతకు ముందురోజు మమ్మల్ని పిలిచాడు. గేర్లన్నీ పెట్టెల్లో సర్ది, ఒక్కోదానికీ చీటీ అంటించాడు. ఇత్తడి మీట ఉన్న దాని చీటీ చూసి మనవరాలు నా చెవిలో చెప్పింది: చేసినవారెవరో తెలియదు అని.

"ఏం రాసుందమ్మా?" అన్నాడు మా ఆయన.

పిల్ల నా వంక చూసింది. అబద్ధమాడితే వీపు చిట్లగొట్టే తల్లిని నేను.

"ఇది చేసిన దేశం పేరు రాశారట. పదండి, ఎండెక్కుతోంది," అన్నాను.

మా ఆయన కదల్లేదు. చీటీ మీద మొదటి అక్షరాన్ని వేలితో మెల్లగా దిద్దాడు.

"ఇది కాదు," అన్నాడు. "నేను చూసింది ఇలా లేదు."