మా అత్తగారు పడుకున్న పొద్దు

మా అత్తగారు రాత్రిళ్ళు పడుకునేవారు కాదు. రేపల్లెలో మా ముందుగదిలో కుర్చీలో కూర్చుని, ఎదురుగా బల్ల మీద దిండు పెట్టుకుని, దాని మీద తల వాల్చి తెల్లవార్లూ అలాగే ఉండేవారు. కిటికీలోంచి చూసినవాళ్ళు ఆవిడ రాత్రంతా ప్రార్థన చేస్తున్నారనుకున్నారు. ఆ మాట చర్చిలో పాకింది. ఆదివారం ఆరాధన అవగానే ఆడవాళ్ళు చుట్టూ మూగి, "మా వాడి ఉద్యోగం గురించి కూడా ఓ మాట చెప్పండమ్మా" అనేవాళ్ళు. ఈవిడ సరేననేవారు. కాపరానికి వచ్చిన కొత్తలో నేనూ నమ్మాను. తెనాలిలో మా పుట్టింటికెళ్ళినప్పుడు గొప్పలు కూడా చెప్పుకున్నాను.

పంతొమ్మిది వందల ఎనభైల్లో ఒక వేసవిలో ఆవిడ చర్చి నుంచి ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చారు. ఎడమ చెప్పు దారిలో ఎక్కడ జారిపోయిందో తెలియదు. అరికాలు బొబ్బలెక్కి ఉంది.

"ఇంత ఎండలో అరికాలు కాల్లేదా అత్తయ్యా?"

"లేదే" అన్నారు, తనూ ఆశ్చర్యపోతూ.

నిలదీస్తే అప్పుడు చెప్పారు. పడుకుంటే నడుంలోంచి కాలిదాకా నరం పట్టి లాగేస్తున్నట్టు నొప్పి, కూర్చుంటేనే కాస్త తెరిపి. జనం ప్రార్థన అనుకుంటున్నారు కదా, అనుకోనీలే అని ఊరుకున్నారట. నాకు ఒళ్ళు మండిపోయింది.

తెనాలిలో చూపిస్తే డిస్కు జరిగిందన్నారు. చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకోమన్నారు. పడుకోలేకే చస్తున్న మనిషికి అదీ వైద్యం! బాపట్లలో ఉన్న మా ఆడపడుచు ఇసక మూటలతో కాపడం పెట్టమంది. ఆఖరికి గుంటూరు తీసుకెళ్తే, వెన్నులోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. స్కానింగులు ఇంకా మా దాకా రాలేదు.

"నడుం దగ్గర నరాల పైపొరకి రెండు గడ్డలున్నాయమ్మా. క్యాన్సర్‌లా అనిపించడం లేదు. కానీ నరాన్ని అంటుకుని ఉన్నాయి, అందుకే కాలికి స్పర్శ తెలియడం లేదు. తీసేటప్పుడు ఎడమకాలు పడిపోయినా పడిపోవచ్చు" అన్నారు ఆపరేషన్ చేసే డాక్టరుగారు.

అత్తగారు, "కాలు పోతే పోనీండి బాబూ. నన్ను నడుం వాల్చనివ్వండి, చాలు" అన్నారు.

ఆపరేషన్ రోజు చర్చి ఆడవాళ్ళు వచ్చి వరండాలో ప్రార్థన చేశారు. నేనూ కళ్ళు మూసుకున్నాను కానీ ఒక్క మాటా రాలేదు. ఆ బొబ్బలెక్కిన అరికాలే కనిపించింది. సాయంత్రం బయటికి తీసుకొచ్చాక గడ్డలు రెండూ వచ్చేశాయన్నారు. వేళ్ళు కదపమంటే కుడికాలివి కదిలాయి. ఎడమకాలివి కదల్లేదు.

"మత్తింకా పూర్తిగా వదల్లేదమ్మా. రేపు చూద్దాం" అన్నారు డాక్టరుగారు. ఆ మాట ఆయన నా మొహం చూసి చెప్పలేదు.

పొద్దున చూస్తే అత్తగారు వెల్లకిలా నిద్రపోతున్నారు, నోరు తెరుచుకుని, సన్నగా గురక పెడుతూ. ఆవిడ అలా పడుకోగా నేను చూడటం అదే మొదలు. సంతోషించాల్సింది పోయి, నా కళ్ళు ఆ కాలి మీదకే పోయాయి. నర్సు చూస్తే తిడుతుందని అటూ ఇటూ చూసి, దుప్పటి తొలగించి, ఎడమ అరికాలి మీద గోటితో గీశాను. కదల్లేదు. ఈసారి గట్టిగా గీశాను.

కాలు విసురుగా వెనక్కి పోయింది.

"ఏంటే అమ్మాయ్! ఇన్నేళ్ళకి పడుకుంటే నీకేం పోయిందే?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

నేను ఆ పాదం పట్టుకుని ఏడుస్తుంటే, ఆవిడ మళ్ళీ నిద్రపోయారు.