హనుమమ్మ ఎండబెట్టిన ఆల్చిప్పలు

నారాయణగూడలో విఠల్ గారి చేపల హోటల్‌ వెనక కుళాయి దగ్గర ఇరవై ఏళ్లు గిన్నెలు తోమిన మనిషి హనుమమ్మ. ఆమె చేతికి జిడ్డు లొంగాల్సిందే. కడిగిన పళ్లెం మీద సర్వర్లు మచ్చ పడనిస్తే వాళ్లకు ఆ పూటంతా ఆమె చివాట్లే.

2011లో విఠల్ గారికి సరదా పుట్టి ఆల్చిప్పల వంటకం మొదలుపెట్టారు. చిక్కడపల్లి నుంచీ బర్కత్‌పుర నుంచీ జనం ఎగబడ్డారు. తినేది గుటకెడు, మిగిలేది తట్టెడు. ఆ చిప్పలన్నీ చెత్తబండి పాలవుతుంటే విఠల్ గారి మేనకోడలు జయశ్రీ అడ్డుపడింది. కాకినాడ వైపు ఉప్పుటేళ్లలో పరిశోధన చేస్తున్న అమ్మాయి ఆమె.

"పారేయకు మామా. ఏట్ల ఆల్చిప్పల దిబ్బలు పోయినయ్. వాటి పిల్లలకు అతుక్కోనీకి గట్టి జాగ లేక బురదల పడి సస్తున్నయ్. ఈ పాత చిప్పలు ఏస్తే వాటిని పట్టుకుని బతుకుతయ్."

హనుమమ్మ చేతిలో పీచు ఆగిపోయింది. "సచ్చిన చిప్ప మీద పానం మొలుస్తదా బిడ్డా?"

"మొలవదు పెద్దమ్మా. నీళ్లల్ల తేలుకుంట వచ్చి కూసుంటది."

ఆ మాట హనుమమ్మ గుండెల్లో దిగబడిపోయింది. చంటిపిల్లతో పట్నం వచ్చిన కొత్తలో ఆమె కూడా కూర్చునే చోటు లేక తిరిగింది. చిక్కడపల్లిలో ముక్కూ మొహం తెలియని ఒకావిడ అరుగు మీద రెండు నెలలు తలదాచుకోనిచ్చింది. అందుకే చిప్పల పని ఎవరూ చెప్పకుండానే తన మీద వేసుకుంది.

ఆ పని తేలికైనది కాదు. చిప్పలు కనీసం ఆరు నెలలు ఎండలో మాడాలి, లేకపోతే వాటికంటిన కుళ్లు ఏట్లో కలుస్తుంది. అశోక్‌నగర్‌లో విఠల్ గారికి ఒక బిల్డింగు ఉంది, కింద సర్కారు పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్. దాని డాబా మీద హనుమమ్మ చిప్పలు పరిచి, మిరపకాయల్లా రోజూ తిరగేసింది. మొదట్లో ఆ కంపు చెప్పనలవి కాదు.

"పెద్దమ్మా, ఈ వాసనకు చదివిందంత మర్శిపోతున్నం!" అని పిల్లలు మొత్తుకున్నారు.

"జర ఓర్వుండ్రి. వాసన పోయేదాంక మీ టిఫిన్ డబ్బలు నేనే తోముత," అంది. అన్నట్టే రెండు నెలలు తోమింది.

మరుసటి ఏడు ఎండలు ముదిరేసరికి పద్దెనిమిది బస్తాల చిప్పలు తెల్లగా, వాసన లేకుండా తయారయ్యాయి. అప్పుడు జయశ్రీ ఫోన్ చేసింది. చిప్పలు తీసుకెళ్లడానికి ఆమె ఆఫీసువాళ్లు లారీ ఇచ్చేది లేదన్నారట. ఆల్చిప్ప పిల్లలు నీళ్లలో తేలే కాలం దగ్గరపడింది, పది రోజుల్లో చిప్పలు చేరకపోతే ఈ ఏడు పుట్టినవన్నీ బురద పాలేనట.

"మనం జేసేదేముంది? చెత్తబండికే ఏసేద్దాం. డాబా మీద నీళ్ల ట్యాంకు పెట్టాలె," అన్నారు విఠల్ గారు.

ఆ పూట హనుమమ్మకు అన్నం సహించలేదు.

తెల్లారి కాకినాడ నుంచి చేపల వ్యాన్ వచ్చింది. డ్రైవర్ బాలకిషన్ రోజూ చేసే పనే చేస్తున్నాడు. చేపలు దించి, ఖాళీ డబ్బాలు మళ్లీ వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నాడు. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం హనుమమ్మకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి ఇస్తుంది. ఇన్నేళ్లూ కళ్లముందే ఉన్న ఆ డబ్బాలు ఆమెకు అప్పుడు కొత్తగా కనిపించాయి.

చేతులు తుడుచుకోకుండానే వెళ్లి వ్యాన్‌కు అడ్డంగా నిలబడింది. "సముద్రం గిన్నేండ్లు తిండి పంపుతాంది. దాని డబ్బలు ఖాలీగ తోలుతమా? సిగ్గనిపిస్తలేదా? నా చిప్పల బస్తాలు ఏస్కపో."

బాలకిషన్ నవ్వాడు. ఆమె మొహం చూశాక నవ్వు మానాడు. "ఎయ్యి పెద్దమ్మా. ఎట్లనన్న ఉత్తగనే పోతున్న గద."

రోజుకు రెండు బస్తాల చొప్పున తొమ్మిది రోజుల్లో డాబా ఖాళీ అయింది.

ఏడు నెలల తర్వాత అదే వ్యాన్‌లో, ముందు సీట్లో కూర్చుని హనుమమ్మ ఉప్పుటేటికి వెళ్లింది. పాటు వేళ. నీళ్లు వెనక్కి తగ్గుతుంటే తాడువలల్లో కట్టిన చిప్పలు ఒక్కొక్కటీ పైకి తేలాయి. వాటి తెలుపు ఏమైపోయిందో! గరుకుగా, నల్లగా, అట్టలు కట్టి ఉన్నాయి. హనుమమ్మ ప్రాణం ఉసూరుమంది. "అయ్యో, గింత మురికి వట్టిందేంది!" అంటూ మోకాళ్ల లోతు నీళ్లలో వంగి బొటనవేలి గోటితో గీకింది. ఆ చేతికి లొంగని మురికి అదొక్కటే.

జయశ్రీ ఆమె చేయి పట్టుకుంది. "గీకకు పెద్దమ్మా. అవే."

హనుమమ్మ మొహం దగ్గరగా పెట్టి చూసింది. ఒక్క చిప్ప మీద గోరంత గోరంత చిప్పలు పాతిక దాకా ఉన్నాయి. అందులో ఒకటి సన్నగా నోరు తెరిచి, చురుక్కున నీళ్లు చిమ్మి, టప్పున మూసుకుంది. తలెత్తి చూస్తే ఏటి పొడుగునా అవే. లెక్కపెట్టే తరమా! సందుల్లో ఎండ్రకాయలు, చిన్న చిన్న రొయ్యలు అప్పుడే కాపురాలు పెట్టేశాయి. హనుమమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

ఇంకా బాగా కనిపించే చోటు చూపిద్దామని జయశ్రీ ముందుకు అడుగు వేయబోయింది. హనుమమ్మ ఆమె భుజం గట్టిగా పట్టి ఆపింది.

"జర పైలం బిడ్డా," అంది గొంతు తగ్గించి. "కాళ్ల కింద పిల్లలున్నరు."