అవ్వ ఒడిలో కంప్యూటర్

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేక, హనుమకొండలో పాత భాగాలతో కట్టించుకున్న డబ్బాను ఒడిలో పెట్టుకుని భూపాలపల్లి బస్సులో కూర్చున్నాను. పక్క సీటులో ఒక అవ్వ. ఆమె ఒడిలోనూ అలాంటి డబ్బాయే, దుప్పటిలో చుట్టి ఉంది. దుప్పటి జారిన చోట, ఎప్పుడో దసరాకు పెట్టిన కుంకుమ బొట్టు కనిపిస్తోంది.

పరకాల దగ్గర రాస్తారోకో. బస్సు ఆగిపోయింది.

"నీది గూడ పాతదేనా బిడ్డా?" అని అడిగింది.

"అవునవ్వా."

"గిది మా కొడుకుది. కూలికి పోయి, ఒక్కొక్క సామాను తెచ్చి కూర్చుకున్నడు. ధూంధాం సభలల్ల వాడు పాడే పాటలన్ని గీ డబ్బాలనే ఎక్కిచ్చెటోడు. పోయినేడు తెలంగాణ కోసమని పాణమిచ్చిండు."

కాసేపు దుప్పటి సర్దుకుంది.

"వాడు పోయినంక గిది నడువలే. దుకాణంల ఇస్తే మంచిగ చేసిండ్రు, పాపం. పైసలు గూడ తక్కువనే తీసుకున్నరు. అండ్ల ఉన్న పాతదంత తుడిచి, కొత్తదాని లెక్క చేసినమన్నరు."

ఆ దుకాణంవాణ్ని మనసులోనే తిట్టుకున్నాను. పాతదంతా తుడిస్తే పాటలు కూడా పోతాయని ఆమెకు ఒక్కడూ చెప్పలేదు.

"ఏది ఒత్తితే వాని పాట వస్తది బిడ్డా?"

ఆమె ముఖంలోకి చూడలేక, ముందున్న పవర్ బటన్ చూపించాను.

బస్సు కదిలింది. ఎక్కడ మర్చిపోతానో అనుకుందేమో, రేగొండలో దిగేదాకా అవ్వ ఆ బటన్ మీది నుంచి వేలు తీయలేదు.