కాలువ పూడ్చిన బొమ్మ

ఇబ్రహీంపట్నం మండలాఫీసు ఎదుటి హోటల్లో కూర్చుని పింఛన్లకూ బదిలీలకూ పైరవీలు చేసే రోజుల నుంచి ఆయన నాకు తెలుసు. నేను బడిలో ఎక్కువ చదవలేదు. భూములు కొలవడం, గుంటలు లెక్కగట్టడం పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ల పొలాలు నేనే కొలిచేవాణ్ని. మెల్లగా ఆయన పింఛన్ల నుంచి వెంచర్ల అనుమతులకు ఎదిగాడు. ఏ పార్టీ గెలిచినా దండ పట్టుకుని ముందు వరసలో ఉండేవాడు.

బొంగులూరు దాటాక ఫామ్‌హౌస్ కట్టుకున్నప్పుడు బొమ్మలు కొనడం మొదలుపెట్టాడు. దేవుళ్ల పటాలు కావు, ఈ కాలపు చిత్రకారులు వేసినవి. వాటిలో సగం నాకు అర్థం కాలేదు. ఆయనకూ కాలేదనే నా అనుమానం. కానీ ఏ బొమ్మ ఎవరికి నచ్చుతుందో మాత్రం ఆయనకు బాగా తెలుసు. గోడ కొలిచి మేకు ఎక్కడ కొట్టాలో చెప్పే పని నాకిచ్చాడు.

పెద్దవాళ్లను భోజనానికి పిలిచేవాడు. తిన్నాక బొమ్మలు చూపించేవాడు. అతిథి ఒకదాని ముందు ఆగి బాగుందంటే చాలు, తెల్లారేసరికి అది ఆ అతిథి ఇంటికి చేరేది.

"ఇది లంచమెట్లయితదన్నా? కళ," అన్నాడొకసారి, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ. "నచ్చినోళ్లకు ఇస్తున్న. మనసు పెద్దగుండాలె."

గోడ మీద ఖాళీ మేకులు చూస్తే ఎన్ని పనులయ్యాయో నాకు లెక్క దొరికేది. ఆ ఇంట్లో నీళ్లు తాగాలన్నా రోత పుట్టేది. అయినా పోతూనే ఉన్నాను.

మా వాడలో ఒక అక్క ఉంది. పెద్ద చెరువులో పట్టిన చేపలు అమ్మి బతికే మనిషి. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువల్లో ఒకటి కొత్త వెంచర్ మధ్యలోంచి పోతుంది. దాన్ని పూడ్చి రోడ్డు వేయాలని వెంచర్ వాళ్ల పట్టుదల. కాలువ పోతే చెరువు నిండదు, చేప ఎదగదు. అక్క ఆయన దగ్గరికే పోయి ఆపించమని అడిగింది. కాలువ పూడ్పించే పైరవీ అప్పటికే ఆయన చేతిలో ఉందని ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

"పట్నం నుంచి బొమ్మలేసే పిల్లగాడొస్తడు, జర కూసో అక్కా," అన్నాడాయన. "కాలువల కాగితాలు చూసే పెద్దసార్ భోజనానికొస్తడు. నీ బొమ్మ చూస్తడు. అప్పుడు నువ్వే చెప్పుకో."

అక్క నమ్మింది. "అర్జీ ఇస్తే ఎక్కడన్న పడేస్తరు తమ్మీ. నా మొఖాన్ని ఎక్కడ పడేస్తరు?" అంది నాతో. కాలువ గట్టు మీద చేపల గంపతో రోజుల తరబడి ఎండలో కూర్చుంది.

సారు వచ్చిన రోజు అక్క కొర్రమట్ట చేపలు వండి తెచ్చింది. అతిథులు ఆమెను బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటోలు దిగారు. "జర నవ్వమ్మా" అన్నారు. సారు బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"సారూ, నా ఎనుక కనబడేదే మా కాలువ," అంది అక్క.

"ఆ నీలం ఎంత బాగా కుదిరిందో," అన్నాడు సారు, ఆమె వైపు తిరగకుండానే.

"అక్కా, నువ్వు పోయి అన్నం తిను. సార్‌కు నేను చెప్త," అన్నాడు ఇంటాయన.

మర్నాటికి మరో మేకు ఖాళీ అయింది. కొన్నాళ్లకు, అక్కడ అసలు కాలువే లేదని సారు సంతకంతో కాగితం వచ్చింది. లేదని సంతకం పెట్టిన మనిషి ఇంట్లో, గోడ మీద, ఆ కాలువ నీలంగా పారుతూనే ఉంది.

టిప్పర్లు వచ్చిన పొద్దున అక్క, ఇంకా కొందరు ఆడవాళ్లు కాలువలో దిగి కూర్చున్నారు. నేను గట్టు మీద ఉన్నాను. ఆయన కారులో వచ్చాడు, వెంట ఆ చిత్రకారుణ్ని తెచ్చాడు.

"ఇట్లనే కూసో అక్కా. ఎలుతురు మస్తుంది," అన్నాడు. నా వైపు తిరిగి, "హాల్ల పెద్దగోడ కొలిచి పెట్టన్నా. ఇది దానికంటె పెద్దగ ఏయిస్త," అన్నాడు.

"నేను కొలవ. ఇంకోణ్ని చూస్కో," అన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు.

అక్క చిత్రకారుణ్ని చూసి, "గీసుడెందుకు బిడ్డా? నువ్వు గూడ దిగి పక్కన కూసో," అంది. అతను తల వంచుకుని కారెక్కాడు. ఆ పూట మట్టి పడలేదు. రాత్రికి రాత్రే పోశారు. తెల్లారి మేము పోయేసరికి రోలర్ తిరుగుతోంది.

అక్క నన్ను ఒక్కటే అడిగింది.

"సారింటికి పోయి, ఆ బొమ్మలోంచి నన్ను తీసెయ్యమని చెప్పొస్తవా తమ్మీ? కాలువనైతే ఉంచుకొమ్మను."