లైబ్రరీ జత

ఎడ్లు లాగుతున్న పందెం బండ బరి మధ్యలో ఆగిపోయింది. ఎడ్లు రెండూ తల వంచుకుని నిలబడ్డాయి. తోలేవాళ్ళు ఎంత అదిలించినా కదల్లేదు. వేదిక మీద మైకు నా చేతిలో ఉంది.

"లైబ్రరీకి వచ్చామనుకున్నాయో ఏమో, చప్పుడు లేకుండా కునుకు తీస్తున్నాయండీ! లైబ్రేరియన్ గారూ, మీ బాపతే, వచ్చి లేపండి!" అన్నాను.

జనం గొల్లుమన్నారు. పక్క కుర్చీలో ఉన్న పంచాయతీ ప్రెసిడెంట్ గారు తొడ చరుచుకుని మరీ నవ్వారు. లైబ్రేరియన్ గారు చేతిలో చీటీతో నా వెనకే నిలబడి ఉన్నారు. ఆ చీటీ బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అప్పట్లో నేను ప్రత్తిపాడు వైపు పల్లెలకు ఒక దినపత్రిక విలేకరిని. ఎడ్ల పందేలకు వ్యాఖ్యానం కూడా చెప్పేవాణ్ణి. ఏ జత ఎక్కడ ఎన్ని అడుగులు లాగిందో తడుముకోకుండా చెబుతానని పేరు. ఆ జ్ఞాపకశక్తి నాది కాదు. పేపర్లలో వచ్చిన పందేల ఫలితాలను లైబ్రేరియన్ గారు ఏళ్ళ తరబడి కత్తిరించి నోటు పుస్తకాల్లో అంటించారు. పందెం రోజున చీటీల మీద రాసి అందించేవారు. ఆ సంగతి నేను మైకులో ఒక్కసారీ చెప్పలేదు.

నిజానికి ఆ లైబ్రరీలో నిశ్శబ్దం నేనెరగను. పొద్దున్నే ఒకరు మిర్చి ధరలు పైకి చదివితే పదిమంది వాదించుకునేవారు. ఆయన ఎవరినీ ఊరుకోమనలేదు. అయినా నా నోటికి కునుకు మాటే వచ్చింది. మైదానం మూగబోతే లైబ్రరీలా ఉందని క్రికెట్ వ్యాఖ్యానాల్లో విని విని పట్టుబడిన అలవాటది.

లైబ్రేరియన్ గారు ఆ రోజు చీటీ ఇవ్వడానికి మాత్రమే రాలేదని సాయంత్రం తెలిసింది. లైబ్రరీ ఉన్న అద్దెగది పురుగుమందుల కొట్టుకు కావాలని, ఖాళీ చేయమని యజమాని చెప్పాడు. పంచాయతీ ఆఫీసులో ఊరికే పడి ఉన్న గది కోసం అర్జీ రాసుకుని, ప్రెసిడెంట్ గారు హుషారుగా ఉన్నప్పుడు ఇద్దామని జేబులో పెట్టుకొచ్చారు.

మర్నాడు ఇచ్చారు. నేనూ వెంట వెళ్ళాను.

"కునుకు తియ్యడానికి గదెందుకయ్యా, అరుగు చాలదూ?" అన్నారు ప్రెసిడెంట్ గారు నావైపు కన్ను గీటి.

"తమాషాకన్నానండీ. ఆయన లేకపోతే నాకు మైకులో ఒక్క ముక్క రాదు."

"ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు! చూద్దాంలే, అక్కడ పెట్టెళ్ళండి."

బయటికొచ్చాక లైబ్రేరియన్ గారు, "ఈ ముక్కేదో నిన్న మైకులో అంటే సరిపోయేది గదండీ" అన్నారు. కోపంగా కూడా అనలేదు.

నెల తిరక్కుండా పుస్తకాలను మిర్చి గోతాల్లో కట్టి బడి వెనక గదిలో వేశారు. ఆ ఘాటుకు మోసినవాళ్ళందరూ తుమ్మారు. ఆయన్ను వేరే ఊరికి బదిలీ చేశారు. నా మాట మాత్రం ఊళ్ళు తిరిగింది. ఎక్కడ ఎడ్లు ఆగినా 'లైబ్రరీ జత' అనడం మొదలుపెట్టారు. ఒకసారి మైకులోనే అసలు సంగతి చెప్పబోతే, అదీ తమాషా అనుకుని నవ్వారు.

ప్రెసిడెంట్ మారాక పంచాయతీ ఆఫీసుకెళ్ళి అడిగాను. గుమాస్తా ఫైలు తీసి చూపించాడు. అర్జీ అందులోనే ఉంది. దాని మీద ఔననీ, కాదనీ ఎవరూ రాయలేదు.